రేగులపల్లెకు ఇంకో కాపీ

గోదావరిఖని
జూన్ 16

ప్రియమైన బావకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేను, అత్త, నీ కంప్యూటర్. మొదటి ఇద్దరికీ ఏ ఫికరూ లేదు. మూడోదానికే ఒంట్లో బాగోలేదు.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఈ సంగతి మొదటిసారి ఎత్తినప్పుడు "డ్యూటీల ఉన్న, తర్వాత మాట్లాడ్త" అన్నావు. రెండోసారి నేను అరిచాను. మూడోసారి ఇద్దరం అరిచాం. కాగితం మీద అయితే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు, నేను గొంతు పెంచలేను. నువ్వు సత్తుపల్లిలో, నేను ఇక్కడ ఉన్నంతకాలం పెద్ద సంగతులు ఇలాగే రాసుకుందాం. చిన్నవాటికి ఫోన్ ఉంది, పోట్లాడుకోవడానికి.

కంప్యూటర్ టిక్కు టిక్కుమంటోంది. కాసేపు ఆగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. చౌరస్తాలో షాపు పెట్టుకున్న వేణుమాధవ్‌ను పిలిపించాను. చెవి పెట్టి విని, "మేడం, హార్డ్ డిస్క్ ముసలిదైంది. ఎన్ని రోజులు నడుస్తదో చెప్పలేం. ఫొటోలు గిట్ల ఉంటే జల్ది వేరే దాంట్లకు ఎక్కించుకోండ్రి" అన్నాడు. అందులో ఏముందో నీకు నేను చెప్పాలా? రేగులపల్లె మొత్తం అందులోనే ఉంది. ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కలిసిపోయే ముందు ప్రతి ఆదివారం కెమెరా పట్టుకుని వెళ్లి నువ్వు తీసిన ప్రతి ఇల్లు, ప్రతి గడప, చేదబావి, పోచమ్మ గుడి. ఊరు ఉన్నచోట ఇప్పుడు పెద్ద గుంత ఉంది. ఊరు మాత్రం మన ముందు గదిలో, టేబుల్ మీద, టిక్కు టిక్కుమంటోంది.

అందుకే రెండు రోజులు కూర్చుని చదివాను. తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పేదాన్ని, ఈమాత్రం చదవలేనా? తెలిసినవాళ్లంతా చెప్పేది ఒకటే. ఏదైనా మూడు చోట్ల ఉండాలి, ఆ మూడూ ఒకే రకం పెట్టెల్లో ఉండకూడదు, కనీసం ఒకటి ఇంటి గడప దాటి ఉండాలి. ఇంట్లో దొంగ పడ్డా, వరద వచ్చినా, ఎలుక తీగ కొరికినా ఆ దాటినది బతుకుతుంది. దీనికి బయట డిస్క్ కొనవచ్చు. క్లౌడ్‌లో నెలనెలా అద్దె కట్టి పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవుల మాట ఎత్తకు. నా పెన్‌డ్రైవులు ఎప్పుడూ ఏ పిల్లవాడి సంచిలోనో తేలుతుంటాయి.

నాకు ఇంకో దారి కూడా తోచింది. పునరావాస కాలనీలో మన ఊరి వాళ్లున్నారు కదా. ఎవరి ఇంటి ఫొటోలు వాళ్ల ఫోన్లలో వేసి ఇద్దాం. అన్ని ఇళ్లలో ఉన్నవి ఒక్కసారే పోవు. ఇది అన్నిటికన్నా గట్టి దారి అని నా నమ్మకం. నువ్వేమంటావో నాకు తెలుసు. అయినా రాయి.

అత్త నీకు చెప్పమన్నది: "వేళకు తినుమను. చిక్కిపోతే గా నౌకరి నాకొద్దు."

ప్రేమతో,
నీ సంధ్య

సత్తుపల్లి
జూన్ 21

ప్రియమైన సంధ్యకు,

నీ ఉత్తరం వచ్చింది. రూములో ఉన్న మిత్రుడు "ఏందన్నా, పెండ్లాం ఉత్తరం రాసింది, లొల్లి పెద్దదేనా?" అని అడిగాడు. పెద్దదే అన్నాను.

నీ మూడు చోట్ల లెక్క బాగుంది. మాకు గనిలో ఇది పుట్టినప్పటి నుంచి తెలుసు. కింద పని మొదలుపెట్టే ముందు ఎవరైనా అడిగే మొదటి మాట, రెండో దారి ఎక్కడ? ఒక దారి కూలితే మనిషి ఇంకో దారిన పైకి రావాలి. రెండు దారులూ పక్కపక్కనే ఉంటే వాటిని రెండు అనరు. కూలితే రెండూ కూలతాయి. కాబట్టి ఒక డిస్క్ నీ దగ్గర ఉంచు, ఇంకోటి నా దగ్గర పెడతాను. గోదావరిఖనికీ సత్తుపల్లికీ మధ్య ఉన్న దూరం చాలు. ఆ రెండు చోట్లా ఒకేరోజు కొంప మునిగితే అప్పుడు ఫొటోల గురించి ఏడ్చే తీరిక మనకు ఉండదు.

క్లౌడ్ మాత్రం వద్దు. అదెక్కడుందో నువ్వు చెప్పగలవా? ఏ దేశంలో, ఏ గదిలో? నేను సర్వేయర్ని. హద్దురాయి లేని జాగాలో నా ఊరిని పెట్టలేను.

నీ చివరి దారి సంగతి. వద్దు. ఆ మాట నీకు ముందే తెలుసని రాశావు కదా, మరి ఎందుకు అడిగావు?

నీకు కోపం వస్తుందని కారణం కూడా రాస్తున్నాను. ఊరు పోతుందని తేలినప్పుడు బొగ్గు కంపెనీ తరఫున పరిహారం కోసం ఇళ్లు, జాగాలు కొలిచినవాళ్లలో నేనూ ఉన్నాను. నా ఊరు కదా, వేరేవాళ్లను పంపండి అనలేదు. నేనైతే ఒక్క గజం కూడా తగ్గకుండా కొలుస్తాను అనుకున్నాను. అలాగే కొలిచాను. ఊరు ఖాళీ అయ్యాక ఒకరోజు బస్టాండులో లింగవ్వ చిన్నమ్మ కనపడింది. అందరి ముందూ, "మంచిగ కొల్చినవు బిడ్డా, మా ఇల్లు గంత పెద్దగున్నదని మాకే తెల్వకుండె" అంది. తక్కువ కొలిచానని ఎత్తిపొడుపు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అందుకే ఆ కాలనీలో కాలు పెట్టలేదు. ఇప్పుడు ఫొటోలు పట్టుకుని వెళ్తే ఏమంటారు? ఊరిని కొలిచినోడే బొమ్మలు పంచుతున్నడు అంటారు. ఆ మాట పడటం నాకు చేతకాదు.

డిస్క్ మంచిది కొను. ధర చూసి వెనక్కి రాకు. అమ్మను మోకాళ్ల మందు వేసుకోమను.

ప్రేమతో,
నీ బావ కిషన్

గోదావరిఖని
జూన్ 27

ప్రియమైన బావకు,

నీ రెండో దారి మాట నాకు ఎంత నచ్చిందంటే, నిన్న క్లాసులో పిల్లలకు కూడా చెప్పాను. వెనక బెంచీలో ఒకడు "మేడం, పరీక్షల కూడ రెండో దారి ఉంటదా?" అన్నాడు. నీకు సరిపోయే శిష్యుడు.

క్లౌడ్ దగ్గర మాత్రం నీ వాదన నిలబడదు. నీ జీతం బ్యాంకులో ఉంది కదా, అది ఏ బీరువాలో ఏ అరలో ఉందో ఎప్పుడైనా టేపు పట్టి కొలిచావా? సరే, ఇప్పటికి నీ మాటే కానివ్వు. నెట్ కూడా నత్తనడక నడుస్తోంది. అంతా ఎక్కేసరికి నువ్వు రిటైర్ అవుతావు.

లోపల తిరిగే చక్రం లేని డిస్క్ ఒకటి ఉంటుంది, ఎస్ఎస్‌డీ అంటారు. కుదుపులకు తట్టుకుంటుంది. నేను అదే అడిగాను. వేణుమాధవ్ దగ్గర లేదు, తెప్పించాలంటే వారం పైనే పడుతుందట. టిక్కుటిక్కు రోజురోజుకూ ఎక్కువవుతోంది. అందుకని ఆగకుండా, ఉన్నదే, మామూలు తిరిగే డిస్క్ తెచ్చాను. ముందు దీంట్లోకి ఎక్కించి గండం దాటుదాం. నీ దగ్గర పెట్టుకునేది ఎస్ఎస్‌డీ తీసుకుందాం. ముసలి డిస్క్ నుంచి ఎక్కించడానికి ఒక పగలంతా పడుతుందట. రేపు పొద్దున మొదలుపెట్టి బడికి వెళ్తాను. నేను వచ్చేలోపు అయిపోతుంది. స్విచ్ ముట్టుకోవద్దని అత్తకు నాలుగుసార్లు చెప్పాను. "నేనేమన్న చిన్నపోరినా?" అని కసిరింది.

ఇక కాలనీ సంగతి. నీ మాట కాదని ఎవరికీ ఒక్క ఫొటో ఇవ్వను. కానీ నేను ఒప్పుకున్నానని అనుకోకు, వాయిదా వేశానంతే. బావా, నువ్వు గుంత అంచున నిలబడి కొలతలు తీసేవాడివి. నూరు అడుగుల లోతు చూసి భయపడవు. ఒక ముసలావిడ అన్న ఒక్క మాటకు ఇన్నేళ్లుగా అటువైపు దారే తొక్కవు. లింగవ్వత్త నోరు నీకు కొత్తా? మన పెళ్లిలో నన్ను చూసి "పిల్ల పొట్టిగున్నది, పీట వేయుండ్రి" అనలేదూ? నేను ఆ పీట ఎక్కి నీ మెడలో దండ వేశాను. మనిషి అన్న మాటకు, మనసులో ఉన్న మాటకు మధ్య ఎంత దూరముందో కూడా కొలవాలి. అది నీ టేపుకు అందదు.

రేపు సాయంత్రం అంతా అయిపోయిందని ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
నీ పొట్టి సంధ్య

సత్తుపల్లి
జూలై 8

ప్రియమైన సంధ్యకు,

వారం దాటింది. నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే "బడి", "వంట", "తర్వాత" అంటున్నావు. కాపీ అయిందా అంటే "ఆఁ" అన్నావు. అందులో నీ గొంతు లేదు. నీ గొంతు సంగతి నాకు తెలియదా? గెలిచినప్పుడు నువ్వు వీధి చివరిదాకా వినిపిస్తావు.

అయిపోతే మంచిదే. ఒక్క మాట గుర్తుంచుకో. ఎక్కించినంత మాత్రాన కాపీ కాదు. తెరిచి చూడు. మేము కొలత రాసుకున్నాక వెనక్కి వచ్చి మళ్లీ కొలుస్తాం, రెండూ కలిస్తేనే కొలత. మన ఇంటి గడప ఫొటో తెరిచి చూడు. అమ్మ దానికి పసుపు రాసిన రోజు నేను తీసినది. అది కనపడితే అన్నీ ఉన్నట్టే.

ఇక్కడ ఒకటే వాన. పని సగం రోజులు ఆగుతోంది. రాత్రి పడుకునే ముందు ఒక్కోసారి ఊళ్లో వీధులు వరసగా తలచుకుంటాను. మొన్న సదయ్య కాక ఇంటి పక్కన ఎవరి ఇల్లుందో ఎంతకీ గుర్తు రాలేదు. పరవాలేదు, ఫొటోల్లో ఉందిలే అనుకుని పడుకున్నాను. నిజంగా చెబుతున్నాను సంధ్యా, ఆ ఫొటోలు ఉన్నాయన్న ధైర్యంతోనే నేను ఆ ఊరి వాడినని అనుకోగలుగుతున్నాను.

పోచమ్మ బోనాలకు సెలవు దొరుకుతుంది. ఇంటికి వస్తాను. డిస్క్ తీసుకుని వెళ్తాను. కాలనీకి మాత్రం రమ్మనకు.

ప్రేమతో,
నీ బావ

గోదావరిఖని
జూలై 12

ప్రియమైన బావకు,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

ఫొటోలు పోయాయి. కంప్యూటర్‌లోవీ పోయాయి, కొత్త డిస్క్‌లో ఎక్కుతున్నవీ పోయాయి. ఫోన్‌లో చెబుదామని నాలుగైదుసార్లు నోరు తెరిచి, వంట ఉందని పెట్టేశాను. ఏ ఉపాయమైనా దొరికాక చెబుదామనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఇంక దాచడం నావల్ల కాలేదు.

ఆ రోజు పొద్దున ఎక్కించడం మొదలుపెట్టి బడికి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి కంప్యూటర్ డబ్బా నేల మీద పక్కకు ఒరిగి ఉంది. కొత్త డిస్క్ వైరు ఊడకుండానే దాని పక్కన నేల మీద పడి ఉంది. చుట్టూ ఇత్తడి బిందెలు, గాజు సీసాలు, దేవుడి పటం, నీ షీల్డులు, అన్నీ వరసగా నేల మీద. అత్త ఆ మధ్యలో కూర్చుని ఉంది.

"అత్తా, ఏమైంది?" అన్నాను.

"సైరన్ కూసింది బిడ్డా. పైనున్నయన్ని కిందికి దించిన. గా చిన్న డబ్బ దించబోతె, గా పెద్దది కూడ ఎంబడి వచ్చె. చెయ్యి జారింది. స్విచ్ మాత్రం ముట్టుకోలే."

నీకు గుర్తుందా? ఊళ్లో చివరి రెండేళ్లు గుంత దగ్గరికి వచ్చాక, మధ్యాహ్నం గనిలో రాళ్లు పేల్చే ముందు బ్లాస్టింగ్ సైరన్ మోగగానే ఊరంతా అదే పని చేసేవాళ్లు. గోడ అదిరి పైనున్నవి మీద పడతాయని అందరి ఇళ్లలో గిన్నెలు, సీసాలు కిందికి దించేవాళ్లు. చప్పుడు అయిపోయాక మళ్లీ ఎక్కించేవాళ్లు. ఇక్కడ గోదావరిఖనిలో మనింటికి ఆ సైరన్ దూరంగా సన్నగా వినిపిస్తుంది, గోడ అదరదు, గ్లాసులో నీళ్లు కూడా కదలవు. అయినా అత్త ఇన్నేళ్లుగా రోజూ అన్నీ దించి, మళ్లీ ఎక్కిస్తోందట. ఆ వేళకు నేను బడిలో, నువ్వు డ్యూటీలో. సెలవు రోజుల్లో కంటపడినా దుమ్ము దులుపుతోందనుకున్నాను. తిరుగుతున్న డిస్కులు రెండూ ఒకేసారి కింద పడ్డాయి. పదిలంగా ఉంచుదామనే దించింది బావా. విలువైనదని మనం చెప్పబట్టే ఆ చిన్న డబ్బా మీద కూడా చెయ్యి వేసింది.

అత్తను ఒక్క మాట అన్నావంటే నేను ఊరుకోను. ఆమె నాకు అత్తగారు కాకముందు నుంచీ మేనత్త. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడో రోజు నన్ను అడిగింది, "ఊరు మల్ల పోయిందా బిడ్డా? ఈపారి నా చేతులతోనే పోయిందా?" అని. పక్కన కూర్చుని ఏడ్చాను.

వేణుమాధవ్ రెండు డిస్కులూ హైదరాబాద్ పంపించాడు. అక్కడ పాడైన డిస్కులు విప్పి చూసేవాళ్లున్నారట. నీ నంబర్ ఇచ్చాను. సంగతి తేలగానే నీకే ఫోన్ చేస్తారు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. మౌనంగా మాత్రం ఉండకు.

నీ సంధ్య

సత్తుపల్లి
జూలై 22

ప్రియమైన సంధ్యకు,

అమ్మతో మాట్లాడాను. ఏమీ అనలేదు. "తిన్నవా అమ్మా" అన్నాను, "తిన్న" అంది, ఇద్దరం అబద్ధమే చెప్పుకున్నాం.

హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. లోపలి పలకలు రెండింటిలోనూ గీసుకుపోయాయట. ఏమీ రాదని తేల్చేశారు. ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "సార్, ఇంకో కాపీ ఎక్కడన్నా ఉందా?" అని అడిగాడు. లేదన్నాను.

నీ మీద కోపం లేదు. ఉండాలని చాలా ప్రయత్నించాను. నువ్వు మూడు చోట్లు అన్నావు, నేను రెండు చాలన్నాను, రెండూ ఒకే టేబుల్ మీద ఉన్న ఒక్క పూటలో పోయాయి. అది ఎవరి ఖాతాలో రాయాలో నాకు తెలియదు.

నాకు బాధ ఎక్కడుందో చెబుతాను. ఊరిని కొలవడానికి వెళ్లినప్పుడు నా వెంట కంపెనీ పని ఉంది. ఆదివారాలు కెమెరాతో వెళ్లినప్పుడు నేను ఒక్కడినే వెళ్లాను. ఆ ఆదివారాలే నావి. ఎప్పుడైనా ఎవరైనా ఊరికి నువ్వేం చేశావని అడిగితే చూపించడానికి అవే ఉండేవి. ఇప్పుడు నేను కొలిచినవాడిని మాత్రమే.

ఇక ఈ సంగతి ఎత్తకు. ఆ ఫొటోలు కాలనీ వాళ్లకు చూపించింది లేదు, పోయాయని చెప్పాల్సిన పనీ లేదు. అక్కడికి వెళ్లి ఎవరినీ ఏమీ అడగకు. కంప్యూటర్ వేణుమాధవ్‌కు ఇచ్చెయ్యి. బోనాలకు రావడం కుదరకపోవచ్చు.

నీ బావ

గోదావరిఖని
ఆగస్టు 4

ప్రియమైన బావకు,

నీ మాట వినలేదు. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివాక తిట్టు.

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను, "కొలిచినవాడిని మాత్రమే" అన్న మాటతో సహా. ఆమె లేచి, కొత్త చీర కట్టుకుని, "ఆటో పిలువు" అంది. ఎక్కడికి అన్నాను. "లింగవ్వ తానికి" అంది. మోకాళ్ల నొప్పి మాటే లేదు ఆ రోజు.

కాలనీలో లింగవ్వత్త అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. సదయ్య కాక పక్కనే బీడీ కాలుస్తున్నాడు. అత్త కూర్చోలేదు. నిలబడే చెప్పింది, "నా కొడుకు మన ఊరంత ఫొటోలు తీసి దాసిండు. నేను కింద పడేసి పలగ్గొట్టిన. మీ తాన ఏమన్న ఉంటె ఇయ్యుండ్రి. లేకుంటె లేదని చెప్పుండ్రి, పోత."

లింగవ్వత్త వెల్లుల్లి పక్కన పెట్టి అత్తను ఎగాదిగా చూసింది.

"గదేందక్కా, వాడు మా ఇండ్లను ఫొటో తీస్తాంటే, మేం వాణ్ని తియ్యలేదా?"

ఆమె కోడలు లోపలి నుంచి పాత ఫోన్ ఒకటి తెచ్చింది. అద్దం పగిలింది, చార్జింగ్ పెడితేనే వెలుగుతుంది. అందులో నువ్వున్నావు బావా. లింగవ్వత్త పాత ఇంటి ముందు, కెమెరా కంటికి ఆనించుకుని, ఒక కాలు మీద వంగి. నీ వెనక ఆమె నిలబడి నీ చొక్కా దులుపుతోంది. ఇంకో దాంట్లో ఆ ఇంటి అరుగు మీద పళ్లెం ముందేసుకుని తింటున్నావు, ఆమె ఇంకా వడ్డిస్తోంది, నువ్వు చెయ్యి అడ్డం పెడుతున్నావు.

అది మొదలు. సదయ్య కాక కొడుకు మెమరీ కార్డు తెచ్చాడు. దాంట్లో నువ్వు పెంకుటిల్లు పైనుంచి తీద్దామని నిచ్చెన ఎక్కావు, కాక కింద నుంచి నీ రెండు కాళ్లూ పట్టుకుని ఉన్నాడు, తన పంచె ఊడిపోతున్నా వదల్లేదు. సాయంత్రానికి కాలనీలో సగం మంది వచ్చేశారు. ఎవరి ఫోన్‌లో ఉన్నవి వాళ్లు. ఒకరు గోడకు అద్దంలో పెట్టుకున్నది దించి తెచ్చారు. అందరికీ ఆ ఆదివారాలు గుర్తున్నాయి. నువ్వు వస్తున్నావని తెలిసి తలకు నూనె పెట్టుకుని కూర్చునేవాళ్లట. నువ్వు తీస్తుంటే పిల్లలు వెనక నుంచి నిన్ను తీసేవాళ్లట.

చేదబావి దగ్గరిది ఒకటుంది. నువ్వు గట్టు మీద కూర్చుని మోచేత్తో కళ్లు మూసుకున్నావు. కెమెరా ఒళ్లో ఉంది. లింగవ్వత్త చెయ్యి నీ తల మీద ఉంది. ఆ ఫొటోను అత్త మళ్లీ మళ్లీ చూపించమంది.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "మరి బస్టాండులో గట్లెందుకన్నవ్ లింగవ్వత్తా?" అన్నాను. ఆమెకు ఆ మాటే గుర్తు లేదు. గుర్తు చేస్తే నెత్తి కొట్టుకుంది.

"నవ్వులాటకు అన్న బిడ్డా! గది పట్టుకొని ఇన్నేండ్ల సంది మొఖం చూపెడ్తలేడా? ఇంటిని కొల్సుడు వాని నౌకరి. వాడు గాకుంటె ఇంకోడు వచ్చి కొల్చు. గానీ గా ఇంకోడు ఆదివారం మల్ల ఫొటో తీసేటందుకు వచ్చునా? మా ఇంట్ల కూసొని తినునా?"

అన్నీ దొరకలేదు బావా, ఆ సంగతి దాచను. నువ్వు తీసిన గడపలు, తలుపుల మీది చెక్కడాలు, పోచమ్మ గుడి లోపలిది, ఇవి ఇక రావు. వచ్చినవాటిలో సగం వంకర, సగానికి వేలు అడ్డం. నీ ఫొటోలు నాకు బాగా తెలుసు, నేను వాటిని చాలాసార్లు చూశాను. వాటిల్లో ఊరంతా ఉంది. నువ్వు మాత్రం ఒక్కదాంట్లోనూ లేవు. వీళ్ల ఫొటోల్లో ప్రతి ఇంటి ముందూ నువ్వే ఉన్నావు. ఊరికి నేనేం చేశానని నువ్వు అడుగుతున్నావు. ఊరు నిన్ను ఎలా చూసిందో నా దగ్గర ఉంది, వచ్చి చూసుకో.

ఇక మనం తేల్చుకోవాల్సింది. ఎస్ఎస్‌డీ వచ్చింది, అన్నీ ఎక్కించాను, ప్రతి ఒక్కటీ తెరిచి చూశాను. దానికి జోడు ఒకటి నీ కోసం ఉంచాను. క్లౌడ్‌లో కూడా పెట్టాను, నిన్ను అడగలేదు, హద్దురాయి నేనే పాతానని అనుకో. అన్నిటికన్నా ముఖ్యం, కాలనీలో ఒక గ్రూపు పెట్టి ఎవరి ఇంటివి వాళ్లకు, అందరివీ అందరికీ పంపాను. ఇందులో నీ అనుమతి అక్కర్లేదు. ఇవి నువ్వు తీసినవి కావు, వాళ్లు తీసినవి. అత్త రోజూ లింగవ్వత్తకు ఫోన్ చేసి "గా మూడో ఫొటోల ఎనుకున్నది ఎవలే?" అని అడుగుతోంది. ఇద్దరూ కలిసి సదయ్య కాక ఇంటి పక్కన ఎవరి ఇల్లుందో తేల్చారు. గొడ్ల పోచయ్య వాళ్లదట.

బోనాలు వచ్చే ఆదివారం, కాలనీలోనే. లింగవ్వత్త బోనం మన ఇంటి బోనం పక్కనే ఎత్తుతానంది. నీకు ఒక మాట చెప్పమంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "వాన్ని కెమెరా ఇంట్ల వెట్టి రమ్మను. ఈపారి మా నడుమ నిలవడాలె."

శనివారం మధ్యాహ్నం బస్సు ఎక్కు. నేను బస్టాండుకు వస్తాను.

ప్రేమతో,
నీ సంధ్య